కనెక్టెడ్ కారా, మామూలు కారా? గోదారి జిల్లాల్లో ఏది మేలు

అదే మోడల్, అదే ఇంజిన్. పై వేరియంట్‌లో కారుని నెట్‌కి కలిపే ఈ-సిమ్ ఉంటుంది, కారు ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుంది. అదే కనెక్టెడ్ కారు. కింది వేరియంట్‌లో అది ఉండదు. ధరలో తేడా సరే, మన రాకపోకల చిట్టా ఎవరి చేతిలో ఉంటుందన్నది అంతకంటే పెద్ద తేడా.

కోనసీమలో రాత్రిపూట బండి నడిపేవాళ్లకు పై వేరియంట్ తీసుకోవడానికి గట్టి కారణమే ఉంది. పక్కనే కాలవ, చలికాలం తెల్లవారుజామున ఎదురు బండి కనపడనంత మంచు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోగానే కాల్ సెంటర్‌కి కారే లొకేషన్ పంపే మోడళ్లు ఉన్నాయి. మాట్లాడలేని స్థితిలో ఉన్న మనిషికి అది ప్రాణంతో సమానం.

అయితే ఎంత స్పీడుగా వెళ్లారు, బ్రేకు ఎంత గట్టిగా తొక్కారు అన్నవీ అదే సిమ్ మీదుగా వెళ్లగలవు. అమెరికాలో జనరల్ మోటార్స్ ఇలాంటి వివరాలను డ్రైవర్లకు సరిగా చెప్పకుండా సేకరించి అమ్ముకుందని అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించింది. వినియోగదారుల మీద రిపోర్టులు తయారుచేసే ఏజెన్సీలకు ఐదేళ్లపాటు ఆ డేటా ఇవ్వకూడదన్న షరతుతో కంపెనీ ఒప్పందానికి వచ్చింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దారి వేరు. ఏ పనికో చెప్పి సమ్మతి అడగాలి, ఆ పనికి కావలసినంతే తీసుకోవాలి, సమ్మతి ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. నాకైతే అమెరికాలోలా డేటా ఇవ్వొద్దని సూటిగా చెప్పే పద్ధతే నచ్చింది. షోరూమ్‌లో తాళాలు అందుకునే హడావిడిలో నొక్కిన ‘అంగీకరిస్తున్నాను’కి విలువెంత?

భీమవరం వైపు రొయ్యల చెరువుల రైతులు చాలామంది కారుకి డ్రైవర్ని పెట్టుకుంటారు. యాప్ ఓనరు ఫోన్లో ఉంటుంది, తిరిగేది డ్రైవరు. ఉద్యోగ అవసరాల పేరిట చట్టం యజమానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. అయినా ‘కారు ఎక్కడుందో నాకు కనపడుతుంది’ అని అతనికి ముందే చెప్పాలి. అతనూ మనిషే.

రాత్రి ప్రయాణాలు తప్పనివాళ్లు కనెక్టెడ్ కారే తీసుకోండి. ఎమర్జెన్సీ కాల్ ఉంచి, డ్రైవింగ్ స్కోరు, మార్కెటింగ్ అనుమతులు ఆపేయండి. ఊళ్లోనే తిరిగే కారైతే కింది వేరియంట్ చాలు, మిగిలిన డబ్బు మంచి టైర్లకు పెట్టండి. సెకండ్ హ్యాండ్‌లో కనెక్టెడ్ కారు కొంటుంటే మాత్రం, పాత ఓనరు యాప్ ఖాతా నుంచి ఆ కారుని తీసేయించి, మీ కళ్లతో చూసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి.