మోడలర్ డెమో అని పిలిచి వాల్వ్ ఆంప్ వినిపించాడు, జాగ్రత్త

పాత గిటార్ సామాను కొనేవాళ్ళలో ఆయన తెలియనివాళ్ళు ఉండరు. పేరు రాయను, రాయాల్సిన పని కూడా లేదు. ఎవరు ఏ ఆంప్ ఫోటో పెట్టినా కింద "ట్యూబులు వదిలెయ్యండి బ్రో, ప్రశాంతంగా బతకండి" అని రాసే ఆయనే. ఆయన దగ్గర మోడలర్ (గిటార్ ఆంపుల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) కొనకండి. ఎక్స్‌ఛేంజ్ అయితే అసలు చేయకండి. మొన్న ఆదివారం నేను చేశాను. కోపం ఇంకా దిగలేదు, అక్కడక్కడా తప్పులుంటే సర్దుకుని చదవండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 50 వాట్ల వాల్వ్ కాంబో, అంటే గాజు ట్యూబులతో (వాల్వులన్నా అవే) నడిచే ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో. వెనక రెండు ఈఎల్34 పవర్ ట్యూబులు, ముందు మూడు 12ఏఎక్స్7 చిన్న ట్యూబులు. పదకొండేళ్ళు మోశాను. నిజంగానే మోశాను, ముప్పై కిలోలకు కాస్త తక్కువ. నడుము ఎక్స్‌రే చూసి డాక్టర్ "ఏం పని చేస్తుంటారు?" అని అడిగితే గిటార్ వాయిస్తానని చెప్పడానికి సిగ్గేసింది. వాల్యూమ్ మూడు దాటితేగానీ అసలు సౌండ్ రాదు, మూడు దాటితే పక్కింటివాళ్ళు వస్తారు. 2022లో రష్యా ట్యూబులు ఇక రావేమోనని అందరూ కంగారుపడ్డప్పుడే నాకూ భయం పట్టుకుంది. సరే, డిజిటల్‌కి వెళ్ళిపోదాం అనుకున్నాను. మోడలర్ ఇంకా చేతికి రాకముందే ఎఫ్ఆర్ఎఫ్ఆర్ స్పీకర్ (సౌండ్‌ని మార్చకుండా వినిపించే ఫ్లాట్ స్పీకర్) ఒకటి కొని ఇంట్లో పెట్టుకున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇక డెమో.

నేను వెళ్ళేసరికే గదిలో అన్నీ ఆన్ చేసి ఉన్నాయి. బల్ల మీద మోడలర్. గోడ వారగా ఒక స్పీకర్ బాక్స్, దాని పై భాగం మీద మందపాటి నల్ల గుడ్డ. ముందు గ్రిల్ మాత్రమే కనిపిస్తోంది. మోడలర్ వెనక నుంచి ఒకే ఒక్క కేబుల్ ఆ గుడ్డ కిందికి పోయింది.

"అదేం స్పీకరండీ?" అని అడిగాను. అడగలేదని రేపు ఎవరూ అనకూడదు. అడిగాను.

"ఎఫ్ఆర్ఎఫ్ఆర్ బ్రో. ఫ్లాట్ స్పీకర్. దుమ్ము పడకుండా కప్పాను."

ఇందులో దుమ్ము సంగతి ఒక్కటే నిజం అయ్యుండొచ్చు.

గిటార్ పెట్టి "ఈ" (E) కార్డ్ కొట్టి వదిలాను. ఏం చెప్పమంటారు! గట్టిగా కొడితే సౌండ్ కాస్త నలిగి మళ్ళీ మెల్లగా ఉబ్బుతోంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రంగా తేటపడుతోంది. వేళ్ళ కింద ఆ మెత్తదనం, ఆ సాగుడు, అచ్చం వాల్వ్ ఆంప్. "డిజిటల్ ఇంత దూరం వచ్చిందా!" అన్నాను పైకే. ఆయన నవ్వాడు. "చెప్తే ఎవరూ నమ్మరు బ్రో, వింటేనే తెలుస్తుంది" అన్నాడు. ఆ నవ్వు నాకిప్పుడు రాత్రిళ్ళు వినిపిస్తోంది.

ఆ తర్వాత నా ఆంప్ వంతు. అయిదు నిమిషాలు ఆన్ చేసి, వెనక తలపెట్టి చూసి, "పవర్ ట్యూబులు అయిపోయాయి, ట్రాన్స్‌ఫార్మర్ హమ్ కూడా ఉంది" అన్నాడు. ట్యూబులు మార్చి ఆర్నెల్లు కూడా కాలేదు. ఆ మాట చెప్పాను కూడా. "మీ మాట కాదనను బ్రో, కానీ నా చెవులకి తెలుస్తోంది కదా" అన్నాడు. నేను పైన ఇస్తానన్న డబ్బు ఇంకాస్త పెంచాను. అవును, నా ఆంప్ ఇచ్చి, పైన డబ్బు కూడా నేనే ఇచ్చాను. నవ్వుకోండి.

ఇంటికొచ్చి నా ఎఫ్ఆర్ఎఫ్ఆర్‌కి తగిలించాను. అదే ప్రీసెట్ (మోడలర్‌లో దాచిపెట్టుకునే సెట్టింగ్), అదే గిటార్. తేనెటీగల గుంపుని రేకు డబ్బాలో పెట్టి ఊపినట్టుంది. జివ్వుమంటూ, గీరుకుంటూ, పళ్ళు పులిసేలా. స్పీకర్ పోయిందనుకున్నాను. కేబుల్ మార్చాను. ఇంకో స్పీకర్ ఎరువు తెచ్చి పెట్టాను. రెండు రోజులు ఇదే పని.

మంగళవారం రాత్రి ప్రీసెట్ తెరిచి ఒక్కో బ్లాక్ చూసుకుంటూ వెళ్తే క్యాబ్ బ్లాక్ (గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించే భాగం) ఆఫ్‌లో ఉంది. పక్క ప్రీసెట్, అక్కడా ఆఫ్. ఆయన నాకు వినిపించిన ఎనిమిది ప్రీసెట్లలోనూ ఆఫ్.

తెలియనివాళ్ళ కోసం: గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. డిస్టార్షన్‌లో ఉండే జివ్వు అంతా అక్కడే వడకట్టుకుపోతుంది. ఫ్లాట్ స్పీకర్‌కి ఆ గుణం ఉండదు, ఇచ్చింది ఇచ్చినట్టు వినిపిస్తుంది. అందుకే మోడలర్‌ని ఫ్లాట్ స్పీకర్‌కి పెడితే లోపల క్యాబ్ సిమ్యులేషన్ ఆన్ చేయాలి, ఐఆర్ అంటారే (నిజమైన స్పీకర్ పలికే తీరుని పట్టిన ఫైల్) అది. క్యాబ్ ఆఫ్ చేసి వాయించేది ఎప్పుడు? బయట నిజమైన గిటార్ స్పీకర్ ఉన్నప్పుడు. అంటే ఆ గుడ్డ కింద ఉన్నది ఫ్లాట్ స్పీకర్ అయ్యే అవకాశమే లేదు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. నేను వెళ్ళకముందే అన్నీ ఎందుకు ఆన్ చేసి పెట్టాడు? వాల్వ్ ఆంప్ వేడెక్కడానికి కాసేపు పడుతుంది కాబట్టి. నా ముందు స్విచ్ వేస్తే ఆ అర నిమిషం నిశ్శబ్దమే పట్టించేది. డెమో అయ్యాక మోడలర్ ఆపాడు, స్పీకర్ జోలికి వెళ్ళలేదు. అది సన్నగా హుమ్ అంటూనే ఉంది, నన్ను గుమ్మం దాకా సాగనంపాడు. ఇక అన్నిటికన్నా పెద్దది, ఆ వాసన. వేడి ట్యూబుల మీద దుమ్ము కాలే వాసన. పదకొండేళ్ళు నా గదిలో రోజూ పీల్చిన వాసన. ఆ గదిలోకి అడుగు పెట్టగానే ముక్కుకి తగిలింది. నా ఆంప్ మోసుకొచ్చాను కదా, దాని వాసనే అనుకున్నాను. నా ఆంప్ అప్పటికింకా కార్లో ఉంది. ముక్కు చెప్పింది, బుర్ర వినలేదు.

మోడలర్ నుంచి కేబుల్ తీసుకెళ్ళి వాల్వ్ ఆంప్ వెనకుండే ఎఫెక్ట్స్ రిటర్న్ జాక్‌లో పెట్టాడు, అంతే సంగతి. ముందు భాగం తప్పించుకుని నేరుగా పవర్ ట్యూబులకి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి, గిటార్ స్పీకర్‌కి. అలా వాయించడం తప్పేమీ కాదు, చాలామంది వాయిస్తారు, బాగుంటుంది కూడా. కానీ ఫ్లాట్ స్పీకర్ అని చెప్పి వినిపించడాన్ని ఏమంటారు? నేను ముచ్చటపడ్డ ఆ నలగడం, ఆ ఉబ్బడం సగానికి పైగా ఆ గుడ్డ కింద ట్యూబులవే.

ఫోన్ చేశాను. తిడదామని కాదు. ఏదో పొరపాటు జరిగిందని ఆయనే చెప్తే బాగుండునని ఆశ. "ఆ రోజు గుడ్డ కింద ఉన్నది వాల్వ్ ఆంపేనా?" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, కాదని కూడా అనకుండా, చాలా తాపీగా అన్నాడు.

"పదకొండేళ్ళు వాల్వ్ ఆంప్ వాయించానన్నారు కదా బ్రో. వాల్వ్ సౌండ్ గుర్తుపట్టలేకపోయారా?"

మళ్ళీ చదవండి. కోపంగా అనలేదు. దబాయించలేదు. పిల్లాడికి లెక్క తప్పు చూపించినట్టు అన్నాడు. నేను ఏదో నత్తినత్తిగా "అది కాదండీ, మీరు ఎఫ్ఆర్ఎఫ్ఆర్ అన్నారు" అంటుంటే, "మీ చెవులతో మీరే విన్నారు, మీ చేతులతో మీరే డబ్బులిచ్చారు" అని పెట్టేశాడు. ఆ తర్వాత నంబర్ బ్లాక్. ఇక "ఆయన" అనడం ఇక్కడితో ఆపేస్తున్నాను.

మోసం కన్నా ఆ మాటే ఎక్కువ మండుతోంది. ఎందుకంటే వాడు చెప్పింది నిజం. చెవిలో పువ్వు పెడతారని వినడమే, నేను చెవి వంచి మరీ పెట్టించుకున్నాను. "వాల్వ్ అయితే కళ్ళు మూసుకుని చెప్పేస్తా" అని ఎన్నిసార్లు గొప్పలు పోయానో నాతో వాయించినవాళ్ళకి తెలుసు. వాళ్ళంతా ఇది చదువుతారు. చదవనివ్వండి.

ఇంకో తమాషా ఏంటంటే, క్యాబ్ బ్లాక్ ఆన్ చేసి మంచి ఐఆర్ వేస్తే ఆ మోడలర్ కుడి వైపు సౌండ్ చక్కగా ఉంది. కుడి వైపు అని ఎందుకన్నానో కింద చెప్తాను. డిజిటల్‌ని తిట్టడానికి ఈ పోస్టు వాడుకోకండి. 2013 డిసెంబరులో మెటాలికా బ్యాండ్ అంటార్కిటికాలో వాయించినప్పుడు వేదిక మీద ఆంపులు మోగలేదు, జనం హెడ్‌ఫోన్స్‌లో విన్నారు. గిటార్లు యాక్స్-ఎఫ్ఎక్స్ (Axe-Fx) మోడలర్ల లోంచే వచ్చాయి. వాళ్ళకి సరిపోయింది నాకు సరిపోదా? సరిపోతుంది. నిజం చెప్పి వినిపించినా నేను కొనేవాణ్ణి.

కానీ నిజం చెప్పలేకపోవడానికి కారణం ఉంది. ఆ మోడలర్‌లో ఎడమ అవుట్‌పుట్ గరగరమంటోంది. హెడ్‌ఫోన్స్ పెట్టినా ఎడమ చెవిలో అదే గరగర. ఒక్క కేబులే పెట్టేటప్పుడు ఎడమ జాక్‌లో పెడతారు, మోనో అని దాని మీదే రాసుంటుంది. వాడు కుడి జాక్‌లో పెట్టాడు. అదీ చూశాను, అదీ పట్టించుకోలేదు. పైగా యూఎస్‌బీ పోర్ట్ చచ్చిపోయింది, లాప్‌టాప్‌కి కనపడదు. అంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లేదు, ఎడిటర్ లేదు, కొత్త ఐఆర్‌లు ఎక్కించే దారీ లేదు. లోపల ఉన్నవాటితోనే కాపురం. "యూఎస్‌బీ నేనెప్పుడూ వాడలేదు బ్రో" అన్నాడు, అది మాత్రం నమ్ముతాను. రిపేర్ చేసే అతను చూసి, బోర్డ్ మార్చాలంటే దీనికన్నా కొత్తది కొనుక్కోవడం నయం అన్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదే.

సలహా అడిగితే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణి, నేనేం చెప్తాను. హెడ్‌ఫోన్స్ మీవి తీసుకెళ్ళండి, ముందు వాటిలోనే వినండి, రెండు చెవులతో. మీ ముందే అన్నీ ఆపి మళ్ళీ ఆన్ చేయమనండి. లాప్‌టాప్ తీసుకెళ్ళి యూఎస్‌బీ పెట్టి చూడండి. వినిపించే ప్రీసెట్‌లో క్యాబ్ బ్లాక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. కేబుల్ ఎక్కడికి పోతోందో చేత్తో పట్టుకుని చివరిదాకా వెళ్ళండి, మొహమాటపడొద్దు. నేను పడ్డాను.

నిన్న సాయంత్రం వాడు నా ఆంప్ అమ్మకానికి పెట్టాడు. "ఫ్రెష్ పవర్ ట్యూబులు, హమ్ సున్నా, ఒక్క గీత లేదు" అట. ట్యూబులు అయిపోయాయన్న చెవులు నాలుగు రోజుల్లో బాగుపడ్డాయన్నమాట. ఫోటో కుడి వైపు నుంచి మాత్రమే తీశాడు. ఎడమ వైపు కింది మూల మెట్ల మీద జారినప్పుడు తోలు చిరిగింది, నేనే నల్ల టేపు వేశాను. అది అమ్ముడుపోయేదాకా ఊరికే ఉంచడు. రేపు మీలో ఎవరైనా వాడి దగ్గరికి మోడలర్ డెమోకి వెళ్తే, ఆ గుడ్డ ఒక్కసారి ఎత్తి చూడండి. ఎడమ మూల నల్ల టేపు ఉంటే అది నా ఆంపే.