380 రూపాయల మల్టీమీటర్, రోజూ డౌన్ అయ్యే బండి బ్యాటరీ: నాలుగేళ్ల వాడకం తర్వాత

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టులో 2021 ఫిబ్రవరిలో ఈ మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే పరికరం) కొన్నాను. పసుపు రబ్బరు తొడుగు, మధ్యలో గుండ్రటి డయల్, ఎరుపు నలుపు తీగలు రెండు. ఇదే రకం మీటర్ రకరకాల పేర్లతో దొరుకుతుంది కాబట్టి కంపెనీ పేరు ముఖ్యం కాదు. కొనేనాటికి ఏడాదిన్నరలో నా బండికి రెండు కొత్త బ్యాటరీలు వేయించాను. రెండోది కూడా మొండికేయడం మొదలుపెట్టాకే ఈ మీటర్ కొనాలనిపించింది.

నేను సోమవారం తెల్లవారుజామున శ్రీసిటీకి వెళితే మళ్ళీ శుక్రవారం రాత్రే ఇంటికి వచ్చేది. అన్ని రోజులూ బండి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందే ఉంటుంది. శనివారం పొద్దున అమ్మను తిరుచానూరు గుడికి తీసుకెళ్దామని సెల్ఫ్ నొక్కితే టకటకమని శబ్దం తప్ప ఇంజను తిరగదు. బండికి కిక్ లేదు. అమ్మ పూల బుట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటే నేను రెండో గేరులో వేసి వీధి చివరి దాకా తోసేవాణ్ణి. మెకానిక్ చూసి "బ్యాటరీ పోయింది అన్నా, మార్చేద్దాం" అన్నాడు. బ్యాటరీ కొట్టాయన మీటర్ పెట్టి చూసి "బండిలోనే ఏదో ఉంది సామీ, మెకానిక్‌కి చూపించండి" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదని నాకు తర్వాత అర్థమైంది. బ్యాటరీ నిజంగానే చెడిపోయింది, కానీ దాన్ని చెడగొట్టింది వేరే వస్తువు.

మీటర్ తెచ్చిన రోజు డయల్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి మూడు సార్లు కొలిచాను. రాత్రి ఆపిన బండిని పొద్దున తాళం తిప్పకుండా కొలిస్తే 11.9. నిండుగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపించాలి. 12 కిందికి వచ్చిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. బండి ఆపిన వెంటనే కొలిస్తే 13 దాకా కూడా కనిపిస్తుంది, అది నమ్మకూడదు. రెండోసారి సెల్ఫ్ నొక్కుతూ కొలిస్తే 8కి పడిపోయింది. మంచి బ్యాటరీ అయితే 10 దగ్గర నిలబడాలి. తోసి స్టార్ట్ చేశాక రేస్ ఇచ్చి మూడోసారి కొలిచాను. 14.1 వచ్చింది. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. అంటే బండి నడుస్తున్నప్పుడు కరెంటు లోపలికి సరిగ్గానే వెళ్తోంది, ఆగి ఉన్నప్పుడు ఎక్కడికో పోతోంది.

ఎంత పోతోందో ఈ మీటరే చెప్పింది, నేను దీన్ని అభిమానించేది ఇక్కడే. బ్యాటరీని ఫుల్ చార్జ్ చేయించి తెచ్చాను. తాళం ఆఫ్ చేసి నెగటివ్ తీగ విప్పి, ఎరుపు ప్రోబ్ (తీగ చివరి కొలిచే ముల్లు) తీగను మీటర్ మీద 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాను. ఒక ప్రోబ్ విప్పిన తీగకు, ఇంకొకటి బ్యాటరీ మైనస్‌కు తాకించాను. ఇలా పెడితే బండి తాగే కరెంటంతా మీటర్ గుండానే వెళ్ళాలి. 0.04 చూపించింది. తక్కువే కాబట్టి మిల్లీ ఆంపియర్ల రంధ్రానికి మార్చి 200 మీద పెడితే 41 కనిపించింది. గడియారం ఉన్న బండి అయితే ఒకటీ రెండూ మిల్లీ ఆంపియర్లు తీసుకోవచ్చు. 41 ఎందుకు?

ఫ్యూజ్ తీసి చూశాను, అంకె కదల్లేదు. ఫ్యూజ్ తీసినా పోతోందంటే ఆ తీగ ఫ్యూజ్ దాటకుండా నేరుగా బ్యాటరీ నుంచే వస్తోందన్న మాట. సీటు కింద తడిమితే రెండు సన్నటి తీగలు దొరికాయి. ఫోన్ కోసం హ్యాండిల్‌కి పెట్టించుకున్న యూఎస్‌బీ చార్జర్‌వి. బిగించినవాళ్ళు దాన్ని బ్యాటరీకే కలిపేశారు. రబ్బరు మూత కింద దాని నీలం లైటు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. ఆ తీగ ఊడదీయగానే 41 కాస్తా 0.9కి పడిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అమ్మను పిలిచి మరీ చూపించాను.

లెక్క వేస్తే భయం వేసింది. గంటకు 41 చొప్పున రోజుకు దాదాపు 1000 మిల్లీ ఆంపియర్-అవర్లు, అంటే ఒక ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే అయ్యే చార్జ్). నా బ్యాటరీ 5 ఆంపియర్-అవర్లది. సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు పోతే ఇక మిగిలేదేముంది? వారం వారం అలా అడుగంటిపోతే లోపలి సీసం పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ చార్జ్ నిలవదు. రెండు బ్యాటరీలూ అట్లాగే పోయాయి. కొత్తది వేయించి, చార్జర్‌ని తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే తీగకు మార్పించాను. ఆ తర్వాత శనివారం పొద్దున బండి తోయాల్సిన పని పడలేదు.

2021 నవంబరు వానల్లో తిరుపతి మునిగినప్పుడు మా వీధిలో నీళ్ళు ఒక పూటంతా నిలిచాయి. రెండు వారాలకు మళ్ళీ సెల్ఫ్ నీరసించింది. ఈసారి లీకేజీ లేదు కానీ, రేస్ ఇచ్చినా 12.3 దాటలేదు. ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే మూడు తీగల జాక్ విప్పి, డయల్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి రెండేసి తీగల మధ్య కొలిచాను. రేస్ ఇస్తే మూడు చోట్లా 50 దాటి దాదాపు సమానంగా వచ్చింది. బీప్ మోడ్‌లో పెట్టి ఆ తీగలకూ ఇంజను బాడీకీ మధ్య చూస్తే బీప్ రాలేదు, అంటే కాయిల్ బాడీకి తగలడం లేదు. కాయిల్ బాగుందని తేలింది. రెక్టిఫైయర్ (కాయిల్ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే భాగం) జాక్‌లో పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. మెకానిక్ దగ్గర కొత్త జాక్ వేయించాను, మళ్ళీ 14 వచ్చింది. కాయిల్ విప్పమని అడగకుండా తిన్నగా జాక్ చూపించగలిగాను. ఈ మీటరే లేకపోతే ఎంత ఖర్చయ్యేదో.

మీటర్‌లో లోపాలు లేకపోలేదు. ఏడాది తిరక్కుండానే ఎరుపు తీగ ప్రోబ్ మొదట్లో తెగింది. ఒకసారి మా పాప ఆడుకుంటూ తాళం తిప్పింది, అప్పుడు మీటర్ మిల్లీ ఆంపియర్ల మీద ఉంది. హెడ్‌లైట్ ఒక్కటే 3 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి లోపలి ఫ్యూజ్ వెంటనే పోయింది. ఫ్యూజ్ చౌకే. 10 ఆంపియర్ల రంధ్రానికి మాత్రం నా మీటర్‌లో ఫ్యూజే లేదు. కరెంటు కొలిచేటప్పుడు సెల్ఫ్ నొక్కకూడదు. కొలిచాక ఎరుపు తీగను తిరిగి వోల్టుల రంధ్రంలో పెట్టడం మర్చిపోయి బ్యాటరీ మీద పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. నేను పని అయిన వెంటనే మార్చేస్తాను, తర్వాత చూద్దామని వదలను.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది దీని 9 వోల్టుల బ్యాటరీ. అది నీరసించాక చార్జింగ్ వోల్టేజీ 16 చూపించింది. నిజంగా 15 దాటితే రెక్టిఫైయర్ పోయినట్టే కాబట్టి, కొత్తది ఆర్డర్ పెట్టేయబోయాను. స్నేహితుడి మీటర్‌తో కొలిస్తే 14.2. అప్పటి నుంచి ఉగాదికి ఒకటి, దసరాకి ఒకటి కొత్త సెల్ వేస్తున్నాను.

ఎదురింటి మామయ్య స్కూటర్‌కి మొన్న ఇదే మీటర్ పెట్టాను. సెల్ఫ్ నొక్కుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజను బాడీకీ మధ్య 1.1 వోల్టులు చూపించింది. అర వోల్టు కూడా ఉండకూడదు, అంటే ఆ దారిలో కరెంటుకు ఏదో అడ్డు పడుతోంది. మైనస్ తీగను బాడీకి బిగించే ఎర్తు బోల్టు విప్పి ఉప్పుకాగితంతో రుద్ది బిగించాం. ఆయన కొత్త బ్యాటరీకి తీసి పెట్టుకున్న డబ్బు జేబులోనే ఉండిపోయింది.

కొనేవాళ్ళు మొసలి క్లిప్పులున్న తీగల జత కూడా తీసుకోండి, లీకేజీ చూసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నా బండిలో ఆ మూడో బ్యాటరీయే ఇంకా ఉంది. నాలుగు రోజులు ఆగి ఉన్నాక ఈ శనివారం కొలిస్తే 12.6.