నీళ్ల సినిమాలు: ఎరిన్ బ్రోకవిచ్ మేలా, డార్క్ వాటర్స్ మేలా?

నల్గొండ జిల్లాల మర్రిగూడ, చండూరు దిక్కు దోస్తులు సినిమా ముచ్చటొస్తే చాలు, "అన్నా, నీళ్ల మీద ఇంగ్లిష్‌ల రెండు సినిమాలున్నయట, ముందు ఏది చూడాలె?" అని అడుగుతున్నారు. రెండూ అమెరికాలో నిజంగా నడిచిన కేసులే.

ఎరిన్ బ్రోకవిచ్ (2000) మంచి కాలక్షేపం. తీసిపారేయడానికి అంటున్న మాట కాదిది. లా చదవని, ముగ్గురు పిల్లల తల్లి ఎరిన్, ఒక కంపెనీ వదిలిన విషం నీళ్లలో కలిసిన కాలిఫోర్నియా ఊరు హింక్లీలో గడపగడపా తిరిగి జనం చేత నోరు విప్పించే తీరు చూస్తే జూలియా రాబర్ట్స్‌కు ఆస్కార్ ఊరికే రాలేదని ఒప్పుకుంటాం. చివరికి 33.3 కోట్ల డాలర్ల పరిహారం. చూసినవాళ్లు హుషారుగా లేస్తారు.

నాకు పేచీ అక్కడే. బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌తో పళ్లు, ఎముకలు పాడైన మన ఊళ్లవాళ్లు ఎవరైనా అంత తొందరగా తెగిన నీళ్ల పంచాయితీని చూశారా?

డార్క్ వాటర్స్ (2019) లెక్క వేరు. 1998లో ఒక రైతు, చచ్చిపోతున్న తన ఆవుల వీడియో క్యాసెట్లు పట్టుకొని లాయర్ రాబ్ బిలాట్ దగ్గరికి వస్తాడు. ఆ లాయరేమో అప్పటిదాకా కెమికల్ కంపెనీల తరఫున పనిచేసినవాడు. దాదాపు 69 వేల మంది పరీక్షకు రక్తం ఇస్తారు. డ్యూపాంట్ అనే కెమికల్ కంపెనీ రసాయనం కలిసిన నీళ్లకూ జనం రోగాలకూ లంకె ఉందని శాస్త్రవేత్తలు తేల్చేసరికి ఏడేళ్లు. మొట్టమొదట మొరపెట్టుకున్న రైతు ఈలోపే కన్నుమూస్తాడు. తెర మీద ఏండ్లు మారుతుంటాయి, మార్క్ రఫలో భుజాలు కుంగుతుంటాయి. సాగదీశారని కొందరంటారు. నన్నడిగితే ఆ సాగడమే అసలు సినిమా.

ఆ సినిమాలో సైకిల్ మీద పోతూ నల్లబడ్డ పళ్లతో నవ్వే పిల్ల ఒకతి కనిపిస్తుంది. అక్కడిది డ్యూపాంట్ వదిలిన రసాయనం, ఇక్కడిది బండల్లోంచి బోరునీళ్లలోకి దిగే ఫ్లోరైడ్. బోనెక్కించడానికి మనకు కంపెనీ కూడా లేదు. కోర్టులో గెలుపు కంటే ఆ ఎదురుచూపే మనకు దగ్గర. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా వచ్చినంత మాత్రాన వంగిన ఎముకలు సాపు కావు కదా.

ఎ సివిల్ యాక్షన్ (1998) కోర్టు వాదనల మీద మోజున్నవాళ్లకు. ఈవెన్ ద రెయిన్ (2010) బొలీవియాలో నీళ్లను ప్రైవేటుకు అప్పజెప్పిన గొడవ, మంచిదే కానీ విషం సంగతి కాదు.

కాలేజీ పిల్లలకు చూపించేటట్టయితే డార్క్ వాటర్స్ పెట్టండి. రెండు గంటలు దాటుతుంది, నడుమ చాయ్‌కి ఆపండి. ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఎరిన్ నడుస్తుంది, బూతులొచ్చినప్పుడు మాత్రం రిమోట్ చేతిలో ఉండాలి.