కాఫీ రిఫ్రాక్టోమీటర్ కొంటున్నారా? తెర మీది రెండు దశాంశాలను నమ్మకండి

ఇంట్లో కాఫీ గాఢతను కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. 'కాఫీ కోసమే ప్రత్యేకంగా తయారైంది' అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక డిజిటల్ పరికరాన్ని నేను తెప్పించుకున్నాను. కచ్చితత్వం 0.03 శాతం అని ప్రకటనలో పెద్ద అక్షరాల్లో వేశారు. పెట్టెలో మడిచి పెట్టిన కాగితం చివర, చిన్న అక్షరాల పట్టికలో మాత్రం వేరే సంఖ్య ఉంది: 0.2 బ్రిక్స్ అటూ ఇటూ. కాఫీ లెక్కలోకి మార్చి చూసినా అది చెప్పినదానికి ఐదు రెట్లకు పైగా ఎక్కువ. తెలియక జరిగిన పొరపాటు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

బ్రిక్స్ అనేది పంచదార నీళ్ల కొలత. నూరు గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాముల పంచదార ఉందో చెబుతుంది. పళ్లరసాలకు, తేనెకు వాడే రిఫ్రాక్టోమీటర్లు ఎక్కువగా ఈ లెక్కే చూపిస్తాయి. ద్రవంలో కరిగిన పదార్థం పెరిగేకొద్దీ కాంతి ఎక్కువ వంగుతుంది, ఆ వంపు నుంచే అంకె వస్తుంది. కాఫీకైతే ఆ అంకెను సుమారు 0.85తో గుణించి, కరిగిన పదార్థాల శాతం, అంటే టీడీఎస్, అంటారు. ఈ గుణకారంలో తప్పేమీ లేదు. పళ్లరసాల పరికరంలోనే ఆ గుణకారం పెట్టి, కొత్త స్టిక్కర్ అంటించి, కాఫీ పరికరం అని అమ్మడమే మోసం.

నా చేతిలో ఉన్నది అదేనని తెర మీది అంకెలే పట్టించాయి. ఎన్ని రకాలుగా కాఫీ కాచినా 1.19, 1.28, 1.36, 1.45 ఇవే వస్తున్నాయి. 1.30 రాదు, 1.33 రాదు. వరుస అంకెల మధ్య తేడా చూడండి, దాదాపు 0.085. అంటే 0.1 బ్రిక్స్‌ను 0.85తో గుణిస్తే వచ్చేదే. లోపలి పరికరం ఒక్క దశాంశం వరకే చూడగలదు, రెండో దశాంశం గుణకారంతో పుట్టింది. మీ దగ్గర ఇప్పటికే ఇలాంటిది ఉంటే, వచ్చిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. ఇలా మెట్లు మెట్లుగా కనబడితే అనుమానించాల్సిందే.

ఇంత చిన్న తేడాకు ఇంత గొడవ ఎందుకు అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. 20 గ్రాముల పొడితో కాచిన కాఫీ కప్పులో 300 గ్రాములు దిగిందనుకోండి. టీడీఎస్ 1.30 అయితే పొడిలోంచి కరిగి వచ్చింది 19.5 శాతం. 1950లలో అమెరికాలో లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించిన పట్టికలో మంచి కాఫీకి చెప్పిన హద్దులు 18 నుంచి 22 శాతం. ఇప్పుడు 0.2 బ్రిక్స్ పొరపాటు కలపండి. టీడీఎస్‌లో అది 0.17, అంటే అసలు విలువ 17 శాతానికీ 22 శాతానికీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. సరిగా దిగని కాఫీకీ చక్కగా దిగిన కాఫీకీ తేడా చెప్పలేని పరికరం మనకెందుకు? ఆ అంకెను నమ్మి పొడి ఎంత మెత్తగా నూరాలో మార్చుకుంటూ పోతే బాగున్న కాఫీ కూడా చెడుతుంది.

రిటర్న్ గడువు ముగియకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. గది వేడికి చల్లారిన, పాలూ పంచదారా కలపని కాఫీని కొలవండి. అదే కాఫీ 30 గ్రాములు, డిస్టిల్డ్ నీళ్లు 30 గ్రాములు త్రాసు మీద తూచి కలిపి మళ్లీ కొలవండి. అంకె సగం కావాలి. నా పరికరం మొదట 1.36 చూపి, సగం నీళ్లు కలిపాక 0.68 రావాల్సిన చోట 0.85 చూపింది. అమ్మినవారు కాదనడానికి వీల్లేని సాక్ష్యం ఇది, వీడియో తీసి ఉంచుకోండి. ముందుగా సున్నా సరిచేసేది కూడా డిస్టిల్డ్ నీళ్లతోనే. కొళాయి నీళ్లతో చేస్తే అందులోని లవణాలను కూడా సున్నాగా లెక్కేసుకుంటుంది.

వేడి సంగతి మాత్రం పరికరం మీద నింద వేసే ముందు చూసుకోవాలి. ఒక్క డిగ్రీ మారితే నీరు కాంతిని వంచే గుణంలో వచ్చే మార్పు టీడీఎస్ లెక్కలో 0.05, 0.06 దాకా ఉంటుంది. ఉష్ణోగ్రతను తనే సరిచేసుకుంటుందని రాసి ఉన్నా, వేడి కాఫీ చుక్క వేసి వెంటనే బటన్ నొక్కితే అది కొలిచేది చుక్క పడే గాజు పట్టకం ఇంకా వేడెక్కనప్పటి ఉష్ణోగ్రతను. నీళ్లనూ కాఫీనీ ఒకే వేడికి తెచ్చి, చుక్క వేశాక కాసేపు ఆగి కొలవండి. ఎస్ప్రెసో అయితే కరగని నలక ఎక్కువ, వడకట్టకపోతే అంకె తప్పుగా రావచ్చు. పాలు కలిపిన కాఫీకి ఈ పరికరం పనికిరాదు, పాలలోని చక్కెర, మాంసకృత్తులు కూడా కాంతిని వంచుతాయి.

అంతకంటే ఘోరం, నీటి స్వచ్ఛత చూసే పెన్ను లాంటి టీడీఎస్ మీటరును కూడా కొందరు 'కాఫీ టీడీఎస్' అని అంటగడుతున్నారు. అది కొలిచేది విద్యుత్ వాహకతను. నీళ్లలోని లవణాలను లెక్కిస్తుంది. కాఫీలో కరిగిన చాలా పదార్థాలకు విద్యుత్తును మోసే గుణం లేదు. పేరు ఒకటే కాబట్టి కొనేవారు మోసపోతున్నారు. దాన్ని తాకనే వద్దు.

అమ్మినవారి తీరు కూడా చెప్పాలి. నేను ఫిర్యాదు చేయగానే చల్లార్చారా, తుడిచారా, బ్యాటరీ మార్చారా అని రోజుకో ప్రశ్న వేశారు. అన్నిటికీ ఫోటోలతో సహా జవాబిచ్చాను. రిటర్న్ గడువు దాటిన మర్నాడు, 'లోపం మీరు కొలిచే పద్ధతిలోనే ఉంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. కాబట్టి సంభాషణ ఎంత మర్యాదగా సాగుతున్నా, రిటర్న్ కోరుతూ అధికారికంగా నమోదు మాత్రం మొదటి రోజే చేయండి.

కొనే ముందు అమ్మేవారిని రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. కచ్చితత్వం టీడీఎస్‌లో ఎంత, బ్రిక్స్‌లో ఎంత? తెర మీద కనిపించే కనిష్ఠ మెట్టు ఎంత? కనిష్ఠ మెట్టు 0.01 అని చెప్పి కచ్చితత్వం మాట దాటవేస్తే, ఆ పరికరాన్ని అక్కడే వదిలేయండి.