గో భాషతో నాలుగేళ్లు: ఫ్రంటెండ్ నుంచి బ్యాకెండ్‌కి

ఐదేళ్లు జావాస్క్రిప్ట్‌లో ఫ్రంటెండ్ (తెర మీద కనిపించే భాగం) చేశాక 2021లో బ్యాకెండ్‌కి (వెనక సర్వర్‌లో నడిచే భాగానికి) మారాను. తెలిసిన భాషే కదా, జావాస్క్రిప్ట్‌నే సర్వర్‌లో నడిపే నోడ్ చాలన్నారు అందరూ. నేను గో పట్టుకున్నాను. భీమవరంలో ఇంటి నుంచే పని. రొయ్యల రైతులకి రోజూ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) వారీగా రేట్లు పంపే సర్వీసు రాశాను, ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను.

గోలో కీవర్డ్‌లు, అంటే భాష తనకోసం ఉంచుకున్న పదాలు, 25 మాత్రమే. రెండు వారాల్లో భాష చేతికొచ్చేసింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా బ్యాకెండే: టైమౌట్ ఎంత పెట్టాలి, డేటాబేస్‌కి ఎన్ని కనెక్షన్లు తెరవాలి, ఒక పని ఇంకో పనిని ఆపేసే లాక్ ఎక్కడ పడుతోంది. భాషతో వచ్చే లైబ్రరీతోనే హెచ్‌టీటీపీ సర్వర్ నడుస్తుంది, ఫ్రేమ్‌వర్క్ అక్కర్లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

దెబ్బ కూడా గట్టిగానే తిన్నాను. మొదటి ఏడాది, రైతుల జాబితా మీద లూప్ వేసి ఒక్కొక్కరికీ ఒక గోరూటీన్‌తో (మిగతా పనులతో పాటే విడిగా నడిచే చిన్న పని) మెసేజ్ పంపాను. పొద్దున్నే ఉండి అనే ఊరి నుంచి ఒక రైతు ఫోన్. "ఏమండీ, 50 కౌంట్ రేటు నాకే ఇన్నిసార్లు పంపారేంటి? మావాళ్లెవరికీ రాలేదంట!" జాబితాలో చివరి పేరు ఆయనదే. అప్పట్లో లూప్ మొత్తానికీ వేరియబుల్ ఒక్కటే. గోరూటీన్లు దాన్ని చదివేసరికి లూప్ చివరికొచ్చేసింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.22 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు. అయితే ప్రాజెక్టు గో వెర్షన్ రాసి ఉండే గో.మోడ్ ఫైల్లో 1.22 గానీ ఆ పై వెర్షన్ గానీ రాసి ఉంటేనే. పాత ప్రాజెక్టులో చేరితే ముందు ఆ లైను చూసుకోండి.

ఎర్రర్ వచ్చిందా అని అడుగడుగునా చూసుకుంటూ రాయడం ఆరు నెలలు విసుగనిపించింది. ఇప్పుడు ప్రతిచోటా ఏం చేస్తుండగా ఆగిందో ఒక ముక్క జతచేసి పైకి పంపుతాను. రాత్రి రెండింటికి లాగ్ తెరిచినా తప్పు ఎక్కడుందో దొరుకుతుంది. ఒకే ఫంక్షన్‌ని వేర్వేరు టైపులకి వాడుకోనిచ్చే జెనరిక్స్ 2022లో గో 1.18తో వచ్చాయి. అంతకుముందు ఒకే ఫంక్షన్ మూడు టైపులకి మూడుసార్లు రాసుకున్నాను.

కరెంటు పోయిన ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఫోన్ హాట్‌స్పాట్ మీదే కొత్త వెర్షన్ ఎక్కించాను. విండోస్ ల్యాప్‌టాప్‌లో లినక్స్‌కి బిల్డ్ చేస్తే వచ్చింది ఒక్క ఫైలు, 12 ఎంబీ. సర్వర్‌లో ఇంకేం ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

ఉద్యోగాల్లో మాత్రం నాకు జావా అడిగేవాళ్లే ఎక్కువ కనిపించారు. పాలకొల్లులో డిగ్రీ అయిపోయి వెంటనే ఉద్యోగం కావాలన్న మా పిన్ని కొడుక్కి జావాయే చెప్పాను. చేతిలో ఉద్యోగం ఉండి, సాయంత్రాలు కూర్చుని నేర్చుకోగలిగితే గో మొదలుపెట్టండి.