గంటా రెండు నిమిషాలంట! ఆ ఏజెంట్‌తో జాగ్రత్త

ఇంకా మంట తగ్గలేదు, కోపంలోనే రాస్తున్నాను. ఎవరి గురించో మీలో చాలామందికి ఇట్టే అర్థమవుతుంది. ప్రతి మెసేజ్ చివర రెండు దండాలు పెట్టి టికెట్లు అమ్మే ఆయనే. ఊర్ల పేర్లు చెప్పను, రెండూ చిన్న ఎయిర్‌పోర్టులే.

మధ్యాహ్నం 2కి ఇంటర్వ్యూ. ఎంతసేపు పడుతుందని అడిగితే ఊర్ల మధ్య దూరం, టైమ్ చూపించే ఏదో సైట్ స్క్రీన్‌షాట్ పంపాడు: దూరం 420 కిలోమీటర్లు, ఫ్లైట్ టైమ్ గంటా 2 నిమిషాలు. ఆ 2 నిమిషాలు చూసే పడిపోయాను. అంత కచ్చితంగా చెప్తున్నాడంటే తెలిసే ఉంటుందనుకున్నా. డబ్బు వేశాను, రెండు పీడీఎఫ్‌లు వచ్చాయి. రెండోది రసీదు అనుకుని తెరవనే లేదు. చదువుకున్న మనిషినే!

చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి బ్యాగ్‌కి ట్యాగ్ కడుతూ "మీ లగేజ్ అక్కడి వరకే సార్" అని వేరే ఊరి పేరు చెప్పింది. అప్పుడు తెరిచాను రెండో పీడీఎఫ్. డైరెక్ట్ విమానమే లేదు. మధ్యలో పెద్ద ఎయిర్‌పోర్టులో దిగి, వేరే కంపెనీ విమానం ఎక్కాలి. పీఎన్ఆర్ కూడా వేరే.

వెంటనే ఫోన్ చేశాను. ఆయన గొంతులో కంగారు లేదు.

"నేను చెప్పింది ఫ్లైట్ టైమ్ సార్. జర్నీ టైమ్ మీరు అడగలేదు కదా."

ఒక్క క్షణం మాట రాలేదు. నిజంగానే అడగలేదేమో అని నన్ను నేనే అనుమానించుకున్నాను, అంత నమ్మకంగా అన్నాడు. "డైరెక్ట్ లేదని చెప్పాలి కదండీ" అంటే, "టికెట్ మీద ఉంది కదా సార్, చదువుకోవాలి" అని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. తర్వాత ఫోన్ ఎత్తలేదు. దండాలు కూడా ఆగిపోయాయి.

మొదటి విమానం 40 నిమిషాలు లేటు. అది ఆగేసరికి 10:40. రెండోది 11:40కి, కౌంటర్ మూసేది గంట ముందు, అంటే అదీ 10:40కే! బెల్ట్ దగ్గర బ్యాగ్ తీసుకుని పరిగెత్తేసరికి 11:05. "వేరే పీఎన్ఆర్ సార్, మీ మొదటి విమానం లేటైతే మేమేం చేయలేం" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. ఆ ఊరికి మళ్లీ విమానం మర్నాడే. ఇంటర్వ్యూ పోయింది, టికెట్ డబ్బూ పోయింది.

ఆ గంటా 2 నిమిషాల లెక్క తర్వాత తెలిసింది. అలాంటి సైట్లు మ్యాప్ మీద రెండు చోట్ల మధ్య దగ్గరి గీత కొలిచి, జెట్ వేగం గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, పైకీ కిందకీ ఓ అరగంట కలుపుతాయంతే. అక్కడ విమానం తిరుగుతుందో లేదో వాటికి అనవసరం. చిన్న రూట్లలో ఎక్కువగా తిరిగే ఏటీఆర్ (ఫ్యాన్ రెక్కలుండే చిన్న విమానం) గంటకు 500 దాకానే పోతుంది, కాబట్టి డైరెక్ట్ ఉన్నా ఆ లెక్క తప్పే. నా పరిశోధన బాగుంది కదా, టికెట్ కొన్నాక!

డబ్బు వేసే ముందు పీఎన్ఆర్ ఒకటేనా, బ్యాగ్ చివరిదాకా వెళ్తుందా అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో కాదు, మెసేజ్‌లో. పీడీఎఫ్‌లు ఎన్ని వస్తే అన్నీ తెరవండి.