అరకు మానుకుని బెజవాడ వెళ్లాం: 2024 వరదల్లో నాలుగు రోజులు

2024 ఆగస్టు 30, శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో బయల్దేరాం. అసలు ప్లాన్ అరకు. నెల ముందే విశాఖకు రైలు టికెట్లు తీసుకుని, అరకులో రెండు రోజులకు గది కూడా బుక్ చేసుకున్నాం. గురువారం నుంచి టీవీలో ఒకటే మాట: బంగాళాఖాతంలో అల్పపీడనం, ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరాల వైపు వస్తోంది. ఎనిమిదేళ్ల పిల్లాణ్ని, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యను వెంటబెట్టుకుని ఆ వానలో ఘాట్ రోడ్డు ఎక్కడం ఎందుకని మానుకున్నాం. అది మంచి పనే అని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు ఆ తర్వాత జరిగింది. "వాన ఉత్తరాంధ్రలో కదా, విజయవాడ వెళ్దాం. దర్శనం చేసుకుని, పాయకాపురంలో పిన్నిని చూసి ఆదివారం వచ్చేద్దాం" అన్నాను. అన్నది నేనే.

ఆ అల్పపీడనం వాయుగుండంగా బలపడి ఆదివారం తెల్లవారకముందే శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అక్కణ్నుంచి విజయవాడ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. వరద మాత్రం మేమున్న ఊళ్లోకే వచ్చింది.

కోదాడ దాటాక జల్లు మొదలైంది. రాత్రి పదకొండింటికి స్టేషన్‌కు దగ్గర్లో, ఒక సందులో ఉన్న లాడ్జిలో దిగాం. ఆన్‌లైన్‌లో మంచి రేటింగే ఉంది. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవి, వేడినీళ్లు వస్తున్నాయి. ఎండాకాలంలో అయితే ఎవరికైనా ధైర్యంగా చెప్పేదాన్ని. కారు సెల్లార్‌లో పెట్టించారు. జనరేటర్ కూడా అక్కడే ఉంది. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

శనివారం వాన చప్పుడుకే మెలకువ వచ్చింది. బాల్కనీ తలుపు తీస్తే ఎదురు మేడ సరిగ్గా కనపడటం లేదు. అయినా తొమ్మిదింటికి ఇంద్రకీలాద్రికి వెళ్లాం. కొండరాళ్లు జారతాయని ఘాట్ రోడ్డు మూసేశారు. కింద మహామండపం వైపు నుంచి లిఫ్టులో వెళ్లాం. అత్తయ్యకు అదే మేలయింది. మామూలు శనివారం అయితే గంటలు పట్టే దర్శనం అరగంటలో అయిపోయింది. తడిసిపోయిన పెద్దవాళ్లను చూసి, ఆలయ సిబ్బంది పొడిగా ఉన్న చోట కూర్చోబెట్టారు. ఆ వానలో వాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి. బయటికొచ్చాక తెలిసింది, ఆ ఉదయమే మొగల్రాజపురంలో కొండచరియ ఇంటి మీద పడి మనుషులు చనిపోయారని. అత్తయ్య ప్రసాదం పొట్లం చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. పిల్లాడికి చెప్పిన భవానీ ద్వీపం ఊసు ఇక ఎత్తలేదు.

లాడ్జికి వచ్చేసరికి సందులో మోకాలి కింది దాకా నీళ్లు. సెల్లార్ మెట్ల దగ్గర అత్తయ్య నిలబడిపోయారు. "ఏమ్మా, పొద్దున ఏడు మెట్లు కనపడ్డాయి, ఇప్పుడు నాలుగే ఉన్నాయి" అన్నారు. ఆవిడ పల్లెటూళ్లో కాలవ గట్టున పెరిగిన మనిషి, నీటిని చూడటం తెలుసు. రిసెప్షన్‌లో మేనేజర్ "ఏం కాదండీ, ప్రతి ఏడూ ఇంతే, మోటార్ పెట్టి తోడేస్తాం" అన్నాడు. అరగంట తర్వాత చూస్తే మూడు మెట్లు. నీళ్ల మీద డీజిల్ తెట్టు, అందులో ఎవరిదో ఒక చెప్పు తిరుగుతోంది. మావారు ఇంక ఆగకుండా దిగి కారు బయటికి తీశారు. అప్పటికే నీళ్లు చక్రాలకు సగం దాకా ఉన్నాయి. మేం తీసిన గంటకు జనరేటర్ మునిగి లాడ్జి మొత్తం చీకటైంది. రెండో రాత్రికి కట్టిన డబ్బులు తిరిగివ్వలేదు. దానికన్నా నాకు బాధ కలిగించింది ఆ "ఏం కాదండీ" అనే మాటే. ఆ మాట నమ్మి కార్లు కింద వదిలేసిన కుటుంబాలు ఇంకో మూడు ఉన్నాయి.

బందరు రోడ్డు మీద ఇంకో హోటల్‌కు మారాం. అద్దె దాదాపు రెట్టింపు. గది చిన్నది, కిటికీ తీస్తే గోడ. అయినా ఆ ప్రయాణంలో మేం పెట్టిన ఖర్చుల్లో న్యాయమైనది అదే. పార్కింగ్ రోడ్డు కన్నా ఎత్తులో ఉంది. జనరేటర్ మేడ మీద. వంటగది మొదటి అంతస్తులో. ఆదివారం కూరగాయలు రాకపోతే రెండు పూటలా పప్పన్నం, ఆవకాయ పెట్టారు, మామూలు రేటుకే. రిసెప్షన్‌లో ఉన్న అబ్బాయి ఏ రోడ్డు మూసేశారో, ఏది తెరిచారో కాగితం మీద రాసి లిఫ్ట్ పక్కన అంటించేవాడు, మూడు గంటలకోసారి మార్చేవాడు. వానాకాలంలో హోటల్ బుక్ చేసేటప్పుడు ఇప్పుడు నేను ఫోన్ చేసి అడిగేవి ఇవే: కారు ఎక్కడ పెడతారు, జనరేటర్ ఎక్కడుంది, పోయినసారి పెద్ద వాన పడినప్పుడు వీధిలో నీళ్లు ఎందాకా వచ్చాయి. మూడోది అడిగితే కొందరు విసుక్కుంటారు. విసుక్కుంటే ఇంకో చోటు చూసుకుంటాను.

ఆ శనివారం మధ్యాహ్నం కొత్త గదిలో బట్టలు ఆరేస్తూ, మొదటిసారి అమరావతి వాతావరణ కేంద్రం వాళ్ల బులెటిన్ మొత్తం చదివాను. అప్పటిదాకా నేను చూసింది పై రెండు లైన్లూ, మ్యాప్ మీద గీతా. తీరం ఎక్కడ దాటుతుందో ఆ గీత చెబుతుంది. వాన ఎక్కడ పడుతుందో చెప్పేది కింద ఉండే జిల్లాల పట్టిక. అందులో విజయవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లా ఎరుపు రంగులో ఉంది. గురువారం, శుక్రవారం ఆ పట్టిక నేను తెరవనే లేదు.

తర్వాత తీరిగ్గా చదివి తెలుసుకున్న సంగతి ఒకటి చెప్పాలి. నైరుతి రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు మామూలుగా పడమర, వాయవ్యం వైపు కదులుతాయి. వాటి వానలో ఎక్కువ భాగం కేంద్రం దగ్గర పడదు, దానికి నైరుతి దిక్కున పడుతుంది. కళింగపట్నం నుంచి నైరుతి వైపు వేలు జరుపుకుంటూ వస్తే గోదావరి జిల్లాలు, కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు, కాస్త లోపలికి ఖమ్మం. ఆ రెండు రోజులు అతలాకుతలమైంది కూడా ఈ వైపే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు ఇంకో రకంగా జరిగింది. అది బాపట్ల దగ్గర తీరం దాటింది 5న, చెన్నై మునిగింది 3, 4 తేదీల్లో. "తీరం దాటేది అక్కడ కదా" అని మనం పక్క ఊరు ఎంచుకోవడంలో ఎంత ప్రమాదం ఉందో ఈ రెండూ చూస్తే తెలుస్తుంది.

రంగుల సంగతి కూడా చాలామంది పట్టించుకోరు. పసుపు అంటే ఓ కన్నేసి ఉంచమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇంకేమీ ఆలోచించకుండా జాగ్రత్తపడమని. భారీ వర్షం అంటే 24 గంటల్లో సుమారు ఆరున్నర నుంచి పదకొండున్నర సెంటీమీటర్లు. ఆపైన 20.4 సెంటీమీటర్ల దాకా అతి భారీ, అది దాటితే అత్యంత భారీ. ఫోన్‌లో ముందే ఉండే వెదర్ యాప్ మబ్బు బొమ్మ పెట్టి 90 శాతం అని చూపిస్తుంది. ఆ 90 శాతం వాన పడే అవకాశం మాత్రమే, ఎంత పడుతుందో అందులో ఉండదు. తుంపరకైనా 90 శాతమే, కుండపోతకైనా 90 శాతమే. ప్రయాణంలో ఉన్నప్పుడు వాతావరణ శాఖ వాళ్ల మౌసమ్ యాప్, పిడుగులకు దామిని, వచ్చే మూడు గంటలకు ఇచ్చే నౌకాస్ట్ నాకు బాగా పనికొచ్చాయి. మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ చూడటం మావారికి అలవాటైంది. ఎర్ర మచ్చ ఎటు జరుగుతోందో చూసుకుని, అది దాటాకే టిఫిన్‌కు బయటికి వెళ్లేవాళ్లం.

ఇంత చెప్పినా, ఆదివారం జరిగింది ఏ రాడార్‌లోనూ కనపడేది కాదు. పొద్దున్నే వాన తెరిపిచ్చింది. ఇంక బయల్దేరదాం అనుకుంటుండగా పిన్ని ఫోన్.

"అమ్మాయ్, మీరు ఇటు రావద్దు. నీళ్లు గేటు దగ్గరికి వచ్చాయి."

"వాన తగ్గింది కదా పిన్నీ?"

"వాన లేదే. నీళ్లే వస్తున్నాయి."

అవి విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు నీళ్లు. మైలవరం వైపు కొండల్లో పడ్డ వానంతా బుడమేరులోకి వచ్చి, డైవర్షన్ కాలవకు గండ్లు పడి, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మీదికి వచ్చేసింది. మేమున్న బందరు రోడ్డు పొడిగా ఉంది, ఐదారు కిలోమీటర్ల అవతల పిన్ని ఇల్లు కిటికీల దాకా మునిగింది. ఒకే ఊరు, ఒకే ఆకాశం. కాబట్టి మనమున్న చోటి వాన ఒక్కటే చూస్తే సరిపోదు. దగ్గర్లో ఏ ఏరు ఉంది, అది ఎటునుంచి వస్తోంది, ఆ పైన ఎంత పడింది అన్నది కూడా కనుక్కోవాలి. పిన్నీ, బాబాయీ గ్యాస్ సిలిండర్, బియ్యం డబ్బా, మందులు పట్టుకుని మేడ మీద ఇంటివాళ్ల గదిలోకి ఎక్కారు. పది గంటలకు కరెంటు పోయింది. ఫోన్ చార్జింగ్ దాచుకోవడానికి రోజుకు రెండుసార్లే మాట్లాడుకుందాం, పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి అని బాబాయి చెప్పారు. ఆ ఏర్పాటు ఎంత మంచిదో రెండో రోజుకు అర్థమైంది. పక్కింటివాళ్ల ఫోన్లన్నీ అప్పటికే ఆగిపోయాయి.

హైదరాబాద్ వెళ్లే దారి లేదు. నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు నీళ్లు జాతీయ రహదారి మీదికి వచ్చేశాయి. రైళ్లూ లేవు. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫొటో అప్పటికే అందరి ఫోన్లలో తిరుగుతోంది. హోటల్‌లో ఒకాయన సోమవారం ఆఫీసులో ఉండాలి, నీళ్లు తగ్గాయట, వెళ్లిపోదాం అని అందర్నీ కూడగట్టే ప్రయత్నం చేశాడు. మావారు కాస్త ఊగిసలాడారు. నేను వద్దన్నాను. ఆ తెల్లవారుజామునే మరిపెడ వైపు ఆకేరు వాగులో ఒక కారు కొట్టుకుపోయిందని వార్త చదివి ఉన్నాను. అడుగు లోతు నీళ్లు పారుతుంటే చిన్న కారు తేలిపోతుంది, రెండడుగులైతే పెద్ద బళ్లు కూడా ఆగవు. పైగా నీటి అడుగున రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి చూస్తే తెలియదు. ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టుకుంటే పోయేదేముంది?

సోమవారం ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, అంత నీరు ఎప్పుడూ రాలేదట. 70 గేట్లూ ఎత్తేశారు. చూడటానికి జనం ఎగబడ్డారు, పిల్లాడూ వెళ్దామన్నాడు. తీసుకెళ్లలేదు. సహాయం చేసేవాళ్ల బళ్లు తిరగాల్సిన రోడ్డు అది. దానికి బదులు హోటల్ వాళ్లతో కలిసి సింగ్‌నగర్ వైపు వెళ్లే వ్యానుకు పులిహోర పొట్లాలు కట్టాం. అత్తయ్య కూర్చుని వందకు పైగా పొట్లాలకు దారం చుట్టారు.

మంగళవారం పొద్దున బయల్దేరాం. జాతీయ రహదారి మీద బళ్లు కదులుతున్నాయని విన్నా ఆ దారిన వెళ్లే ధైర్యం చాలలేదు. గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా వెళ్లాం. దూరం ఎక్కువే, కానీ రోడ్డు బాగుంది. పిడుగురాళ్లలో పెట్రోల్ బంకు దగ్గర క్యూ ఉంది కాబట్టి ట్యాంకు గుంటూరులోనే నింపుకోవడం మంచిదైంది. దారిలో టిఫిన్ సెంటర్లన్నీ మాలాంటి వాళ్లతోనే నిండి ఉన్నాయి, ఇడ్లీలు తొమ్మిదింటికే అయిపోయాయి. వెనకటి అరకు టికెట్ల విషయానికొస్తే, మేమే ముందు రద్దు చేసుకున్నాం కాబట్టి కొంత కోత పడింది. రైల్వే వాళ్లే రైలు రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం దానంతటదే వెనక్కి వస్తుంది.

వాడపల్లి వంతెన మీద కారు నెమ్మదిగా పోతుంటే కింద కృష్ణ ఎర్రగా, గట్లు ఒరుసుకుని పారుతోంది. అప్పుడు మోగింది పిన్ని ఫోన్. ఏడూ కాదు, ఇంకేదీ కాదు, పదకొండున్నర. గుండె ఝల్లుమంది.

"భయపడకే. పడవ వచ్చింది. పాల ప్యాకెట్లు రెండు ఇచ్చారు. మీ బాబాయికి కాఫీ పెడుతున్నాను."